ప్లో ఎత్తగానే ముందు భాగం కుంగుతోందా? టార్షన్ బార్ ఒక్కటే చాలదు

మీ సిల్వరాడో 2500హెచ్‌డీ పికప్ ట్రక్కు, ముందు తగిలించిన స్నో ప్లో (మంచు తోసే పెద్ద బ్లేడు) ఎత్తగానే ముందుకు కుంగుతోందని, టార్షన్ బార్ (మెలితిరుగుతూ ముందు చక్రాలకు స్ప్రింగులా పనిచేసే కడ్డీ) బోల్టులు బిగిస్తే సరిపోతుందా అని అడిగారు కదండీ. అవి తిప్పితే బండి ఎత్తు పెరుగుతుందంతే, బార్ గట్టిపడదు, మరీ ఎక్కువ తిప్పితే సీవీ యాక్సిల్ (ముందు చక్రాలను తిప్పే ఇరుసు) కోణం మారి దాని కీళ్ళ మీది రబ్బరు తొడుగులు త్వరగా చిరుగుతాయి, వీల్ అలైన్‌మెంట్ కూడా మళ్ళీ చేయించాలి. కొంచెం తిప్పి ఆపేసి, బంప్ స్టాపుల (సస్పెన్షన్ బాగా కుంగినప్పుడు తగిలే రబ్బరు దిమ్మల) చోట టింబ్రెన్ కంపెనీ రబ్బరు స్ప్రింగులు వేయించండి. అన్నట్టు, వెనక యాక్సిల్ దాటాక టెయిల్‌గేట్ (ట్రక్కు వెనక తలుపు) దగ్గర ఇసుక బస్తాలు కదలకుండా కట్టండి, ముందు యాక్సిల్ మీద బరువు కొంత తగ్గుతుంది, చాలామంది వదిలేసేది ఇదే. అన్నిటికన్నా ముందు డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ముందు యాక్సిల్ పరిమితి చూసి, ప్లో తగిలించి కాటా వేయించండి. పరిమితి దాటితే ఏ స్ప్రింగు వేసినా అది పెరగదు, తేలికైన ప్లో చూసుకోవాల్సిందే.