రెండు రిపోర్టుల్లో రెండు పేర్లు: ఏది నమ్మాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. మెడలో, చంకల్లో గడ్డలున్నాయి. రక్తానికి ఫ్లో సైటోమెట్రీ (కణాల మీది గుర్తులు చూసే పరీక్ష) చేసి సీఎల్ఎల్ (ఒక రకం రక్త క్యాన్సర్) అన్నారు, ఇప్పుడే మందులు అక్కర్లేదన్నారు. వేరే ఆసుపత్రిలో గడ్డకు బయాప్సీ చేసి మాంటిల్ సెల్ లింఫోమా (ఒక రకం లింఫు గ్రంథుల క్యాన్సర్) అంటున్నారు, కీమో మొదలుపెడతామంటున్నారు. ఏది నమ్మాలి?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ కంగారు సహజమే. ఈ రెండూ బి కణాల (ఒక రకం తెల్ల రక్తకణాల) జబ్బులే. కణాలు సాధారణంగా చిన్నవే, రెండింట్లోనూ కణాల మీదుండే సీడీ5 అనే గుర్తు పాజిటివ్ వస్తుంది. పొరపాటు పడేది అక్కడే.

మొదటి రిపోర్టులో సీడీ23, సీడీ200, ఎఫ్ఎంసీ7 అనే ఇలాంటి గుర్తులకు ఏమని రాశారో చూడండి. సీఎల్ఎల్‌లో మామూలుగా మొదటి రెండూ పాజిటివ్, ఎఫ్ఎంసీ7 నెగెటివ్, సీడీ20 డిమ్ (లేతగా) ఉంటాయి. మాంటిల్ సెల్‌లో చాలావరకు ఇందుకు తిరగబడి ఉంటుంది. అయితే కొన్ని మాంటిల్ కేసుల్లోనూ సీడీ23 పాజిటివ్ వస్తుంది. ఆ ఒక్క ఫలితం చూసి సీఎల్ఎల్ అని రాసేస్తే దెబ్బతింటాం.

అసలు తేల్చేది సైక్లిన్ డీ1. మాంటిల్ సెల్‌లో 11, 14 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఈ ప్రోటీన్ విపరీతంగా తయారవుతుంది. ఆ తారుమారును ఫిష్ పరీక్ష పట్టిస్తుంది. బయాప్సీలో సైక్లిన్ డీ1 రంగు కణ కేంద్రకాల్లో అంతటా గట్టిగా పట్టి, ఫిష్ కూడా పాజిటివ్ అయితే రెండో రిపోర్టే సరైనది. అక్కడక్కడా లేతగా పడితే మాత్రం తొందరపడొద్దు, సీఎల్ఎల్ గడ్డలోనూ కొన్నిచోట్ల అలా కనిపించవచ్చు. సైక్లిన్ డీ1 నెగెటివ్ వచ్చినా మాంటిల్ అనుమానం పోకపోతే సాక్స్11 అనే మరో ప్రోటీన్ పరీక్ష చేయించాలి. ఎల్ఈఎఫ్1 అనే ప్రోటీన్ పాజిటివ్ అయితే సీఎల్ఎల్ వైపే మొగ్గు.

రెండో అభిప్రాయానికి వట్టి కాగితాలు పంపితే లాభం లేదు. బయాప్సీ పారఫిన్ బ్లాకులు (మైనంలో భద్రపరచిన ముక్కలు), స్లైడ్లు అడిగి తీసుకుని, లింఫోమాలు చూసే పెద్ద సెంటర్‌లోని హెమటోపాథాలజిస్టుకు (రక్తం, లింఫు జబ్బుల నమూనాలు పరీక్షించే నిపుణులకు) చూపించండి. మళ్లీ బయాప్సీ అవసరమైతే సూదితో తీసే ఎఫ్ఎన్ఏసీతో సరిపెట్టొద్దు, వీలైతే గడ్డ మొత్తం తీయించండి. దాన్ని కోయకుండా ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే మందులో) పడేస్తే లోపలి భాగానికి మందు అందక పాడైపోతుంది, పరీక్షకు వేసే రంగులు సరిగా పట్టవు.

మాంటిల్ సెల్ అని ఖాయమైనా కీమోకు ముందు కీ-67 (విభజన చెందుతున్న కణాల) శాతం ఎంతో, టీపీ53 జన్యువులో లోపం ఉందో లేదో అడగండి. కీ-67 30 శాతం దాటితే జబ్బు వేగంగా పెరిగే రకమని అర్థం. టీపీ53 లోపముంటే మామూలు కీమో అంతగా పనిచేయదు, మందుల ఎంపికే మారుతుంది. ఈలోగా ఊపిరాడకపోవడం వంటి అత్యవసరం ఉంటే తప్ప స్టెరాయిడ్లు మొదలుపెట్టనివ్వొద్దు. వాటితో గడ్డలు కరిగిపోతే మళ్లీ తీసే బయాప్సీలో ఏమీ తేలదు.