చరిత్ర చదువుతానంటే సరే, దాని తత్వం దేనికి?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో బీఏ చివరి సంవత్సరం చదువుతోంది. డిగ్రీ అవగానే గ్రూప్-2 కోచింగ్‌లో చేర్పిద్దామనుకున్నాం. తనేమో చరిత్ర తత్వశాస్త్రం చదువుతానని పట్టుబట్టింది. చరిత్ర వేరు, తత్వశాస్త్రం వేరు అని తెలుసు. రెండూ కలిపి ఏం చదువుతారు? అది అన్నం పెడుతుందా? – ఒక తల్లి, సత్యనారాయణపురం

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ కాస్త తగ్గించుకోండి. మీ అమ్మాయి పేరు లేని చదువేదో అడగడం లేదు.

అదేమిటో తెలియాలంటే అమరావతి దాకా వెళ్లాలి. బౌద్ధ మహాస్తూపం ఉన్న చోట ఇప్పుడు గుండ్రటి ఇటుక దిబ్బ, చుట్టూ కొన్ని రాతిపలకలు కనిపిస్తాయి. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చేనాటికి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కొత్త పట్నం కట్టిస్తున్నారు. దిబ్బలోని రాళ్లు ఆ కట్టడాలకు పోతున్నాయి. 1816లో మెకంజీ మళ్లీ వచ్చి చూస్తే దిబ్బ నడుమ కోనేరు తవ్వి ఉంది. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసు చేరాయి, వాటిలో చాలా తర్వాత ఓడెక్కి లండన్ వెళ్లాయి.

ఇంతవరకు చరిత్ర. మీ అమ్మాయి ప్రశ్నలు ఇక్కడ మొదలవుతాయి. దీన్ని దోపిడీ అనాలా, కాపాడటం అనాలా? నాయుడుగారిది ధ్వంసమా, ఊరు కట్టడమా? మెకంజీ రాసింది మన చేతిలో ఉంది. రాళ్లు మోసిన కూలీ ఏమనుకున్నాడో ఎక్కడా లేదు. రాయనివాళ్ల సంగతి ఎలా రాయాలి? ఇలాంటి ప్రశ్నలకు జవాబు వెతకడమే చరిత్ర తత్వశాస్త్రం.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. 12వ శతాబ్దంలో కాశ్మీరంలో కల్హణుడు 'రాజతరంగిణి' మొదట్లోనే, గతాన్ని చెప్పేవాడు రాగద్వేషాలు వదిలి న్యాయాధికారిలా ఉండాలన్నాడు. 1377లో ఉత్తర ఆఫ్రికాలో ఇబ్న్ ఖల్దూన్ అనే చరిత్రకారుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. యూదులను ఈజిప్టు నుంచి నడిపించిన మోషే వెంట 6 లక్షల మంది సైనికులు ఉన్నారని పాత చరిత్రకారులు రాసుకుంటూ వచ్చారు. ఆయన ఒప్పుకోలేదు. అంత సైన్యాన్ని ఆ నేల మోయగలదా? బారులు తీరితే ఈ చివర ఉన్నవాడికి ఆ చివర ఏం జరుగుతోందో తెలుస్తుందా? పెద్దవాళ్లు చెప్పారని నమ్మకుండా, సమాజం నడిచే తీరుతో సరిపోల్చి చూడమన్నాడు. వాట్సాప్‌లో వచ్చే చరిత్రకు ఈ పరీక్ష ఒక్కటి పెట్టినా ఎంత మేలు జరుగుతుందో!

ఈ శాస్త్రానికి 'చరిత్ర తత్వం' అనే పేరు పెట్టింది 1765లో ఫ్రెంచి రచయిత వోల్టేర్. ఆ తర్వాత జర్మన్ తత్వవేత్త హెగెల్, మనిషికి స్వేచ్ఛ గురించిన ఎరుక పెరుగుతూ రావడమే ప్రపంచ చరిత్ర అన్నాడు. గొప్ప ఆలోచనే. కానీ అదే నోటితో భారతీయులకు చరిత్రే లేదన్నాడు. కల్హణుడు పుట్టిన దేశం గురించి ఆ మాట అన్నాడు! ఆ వాదానికి కోపంతో కాకుండా ఆధారంతో బదులు చెప్పగలవాళ్లు మన పిల్లల్లోంచి రావాలని నేను మనసారా కోరుకుంటాను.

తర్వాత వచ్చిన చరిత్రకారులను, తత్వవేత్తలను అమరావతి దిబ్బ దగ్గర నిలబెట్టి చూడండి. జర్మన్ చరిత్రకారుడు రాంకే అయితే ముందు దస్తావేజులు తెమ్మంటాడు, జరిగింది జరిగినట్టు చూపమంటాడు. ఇంగ్లిష్ తత్వవేత్త కాలింగ్‌వుడ్ అయితే కోనేరు తవ్వించిన నాయుడుగారి మనసులో ఏముందో దాన్ని మన మనసులో మళ్లీ నడిపించుకోమంటాడు. తత్వవేత్త హెంపెల్ 1942లో, ఏ సంఘటనకైనా కారణం చెప్పాలంటే వెనక ఒక సాధారణ నియమం ఉండాలన్నాడు. 1973లో అమెరికన్ చరిత్రకారుడు హేడెన్ వైట్, ఈ కథను విషాదంగా రాస్తున్నారా, ఇంకోలా రాస్తున్నారా అనేది కూడా చూడమన్నాడు. 1982లో చరిత్రకారుడు రణజిత్ గుహ మొదలుపెట్టిన సబాల్టర్న్ (అట్టడుగు వర్గాల) చరిత్ర సంపుటాలు ఆ కూలీ వైపు తిరిగాయి.

ఇక అన్నం సంగతి. ఈ పేరుతో విడిగా డిగ్రీ కోసం వెతకొద్దు. ఎంఏ హిస్టరీలో హిస్టారియోగ్రఫీ (చరిత్ర రాసే పద్ధతుల) పేపర్‌గా ఇది వస్తుంది. పరీక్ష ముందు రాత్రి బట్టీ పట్టి వదిలేసే పేపర్ అదే కావడం నాకు బాధగా ఉంటుంది. నా సలహా, ముందు ఎంఏ హిస్టరీ, పక్కన సొంతంగా తత్వశాస్త్రం. నాగార్జున యూనివర్సిటీ అయితే ఇంటి నుంచి బస్సులో వెళ్లి రావచ్చు. సెంట్రల్ యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, అక్కడ చరిత్ర, తత్వశాస్త్రం రెండు శాఖలూ ఉన్నాయి. వీలైతే అక్కడికే పంపండి. తర్వాత లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలతో పీహెచ్‌డీ చేసుకోవచ్చు. లెక్చరర్ పోస్టులు ఏటా పడవు, ఆ మాట దాచను. అయితే సివిల్స్‌లో హిస్టరీ, ఫిలాసఫీ రెండూ ఆప్షనల్స్ గా ఉన్నాయి. మీరు అనుకుంటున్న గ్రూప్-2 మెయిన్స్‌లోనూ ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర ఉంది. కాబట్టి ఆ దారి మూసుకుపోదు. ఎంఏ మొదటి సంవత్సరంలోనే కోచింగ్ కూడా పెట్టకండి, రెండూ చెడతాయి.

ఇంకో మాట. మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య వంటి మనవాళ్లు ఊరూరా తిరిగారు. అలా పోగైన కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్రలు, ఎన్నో తెలుగులో ఉన్నాయి. తెలుగు బాగా చదవడం రావడం ఈ రంగంలో నిజమైన ఆస్తి. ఇంగ్లిష్ మాత్రం ఇప్పటి నుంచే గట్టిపరచుకోవాలి. పై పుస్తకాలు ఎక్కువగా అందులోనే దొరుకుతాయి.

డబ్బు కట్టే ముందు ఒక ఆదివారం ఇద్దరూ అమరావతి వెళ్లి రండి. ఆ దిబ్బ కథను నాయుడుగారి వైపు నుంచి ఒక పేజీ, కూలీ వైపు నుంచి ఒక పేజీ రాయమనండి. రెండో పేజీ దగ్గర విసుగు పుడితే కోచింగ్‌కి పంపండి. రాత్రి అన్నానికి పిలిచినా లేవకుండా రాస్తూ కూర్చుంటే, సీయూఈటీ దరఖాస్తు తేదీలు చూసి పెట్టుకోండి.