జపాన్‌లో నటన నుంచి దర్శకత్వానికి వచ్చినవాళ్ళలో ఎవరి సినిమాలతో మొదలుపెట్టాలి?

ఎక్కువమంది తకేషి కితానో పేరు చెబుతారు. ఆయన సినిమాలు నాకూ ఇష్టమే. కానీ నన్నడిగితే కినుయో తనాకాతో మొదలుపెట్టమంటాను.

ఆవిడ 1924లో, 14 ఏళ్ళ వయసులో తెర మీదికొచ్చారు. 1931లో వచ్చిన జపాన్ తొలి టాకీలో నటించారు. తర్వాత ఓజు, నరుసె, మిజోగుచి లాంటి పెద్ద దర్శకులందరితో పనిచేశారు. అంత పేరున్న మనిషి, 43 ఏళ్ళప్పుడు, నరుసె సినిమాకి అసిస్టెంట్‌గా చేరి పని నేర్చుకున్నారు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే. 1953లో తొలి సినిమా 'కొయిబుమి' తీశారు. ప్రేమలేఖ అని అర్థం. (మన భానుమతి గారు 'చండీరాణి'కి దర్శకత్వం వహించిందీ ఆ ఏడే!) రెండో సినిమాకి అడ్డుపడింది ఎవరో కాదు, ఆవిడకి గొప్ప పాత్రలిచ్చిన మిజోగుచే. ఆ స్క్రిప్ట్ రాసిన ఓజు మాత్రం ఆవిడ పక్కనే నిలబడ్డారు. సినిమా ఆగలేదు. మొత్తం ఆరు తీశారు.

నేను ముందు చూడమనేది మూడోది, 1955 నాటి 'చిబుసా యో ఎయిఎన్ నారే'. ఫుమికో నకాజో అనే కవయిత్రి రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన మరుసటి ఏడే ఆమె జీవితం ఆధారంగా తీశారు.

ఇది నేను చూసిన రోజుల్లో మా అమ్మకి అదే జబ్బుకి రొమ్ము తీసేసే ఆపరేషన్ అయి నెల దాటింది. ఇంట్లో ఎవరం జబ్బు పేరు పలికేవాళ్ళం కాదు, 'ఆ ఆపరేషన్' అనేవాళ్ళం. నర్స్ వచ్చి కట్టు మార్చేటప్పుడు అమ్మ తలుపు వేయించేది, నన్ను కూడా రానిచ్చేది కాదు. ఓ మధ్యాహ్నం నేను సినిమా చూస్తుంటే వచ్చి పక్కన కూర్చుంది. కథేమిటో చెబితే లేచి వెళ్ళిపోతుందేమోనని నాకు టెన్షన్. వెళ్ళలేదు. సబ్‌టైటిల్స్ తెలుగులో చెబుతూ కూర్చున్నాను.

అందులో ఆపరేషన్ అయ్యాక ఫుమికో స్నేహితురాలి ఇంట్లో స్నానం చేసే సీన్ ఉంది. తన ఒంటిని ఆ స్నేహితురాలి కంట పడనిస్తుంది. చూడలేకపోయేది స్నేహితురాలే, ఫుమికో కాదు. ఫుమికోని జాలిపడాల్సిన మనిషిగా చూపించరు తనాకా. ఆమెకి కోపం ఉంటుంది, మొండితనం ఉంటుంది, చావు దగ్గరపడ్డాక కూడా ఒక మగాడి మీద కోరిక ఉంటుంది. 1955లో ఇంత ధైర్యంగా తీయడం మాటలు కాదు.

ఆ సీన్ రాగానే నేను రిమోట్ అందుకున్నాను. "ఉండనీ, చూద్దాం" అంది అమ్మ. చివరిదాకా ఇంకేం మాట్లాడలేదు.

మర్నాడు నర్స్ వచ్చినప్పుడు తలుపు వేయించలేదు. దూది, కట్టుగుడ్డ పట్టుకోవడానికి నన్ను లోపలికి పిలిచింది.