వైట్‌లిస్ట్‌లో చేర్చినా ఓటీపీ మెయిళ్ళు ఎందుకు ఆలస్యమవుతున్నాయి?

నమస్కారం. మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. కళాశాలలో నాలుగు వందల మెయిల్‌బాక్సులు, ఉబుంటు మీద మెయిళ్ళు చేరవేసే పోస్ట్‌ఫిక్స్, స్పామ్ తగ్గించడానికి పోస్ట్‌గ్రే, అంటే కొత్తగా వచ్చినవారిని కాసేపాగి రమ్మనే గ్రేలిస్టింగ్ చేసే సాధనం. ఫీజుల ఖాతా ఉన్న బ్యాంకు పంపే ఓటీపీ మెయిళ్ళు అరగంటకు గానీ చేరడం లేదు, అప్పటికి వాటి గడువు తీరిపోతోంది. బ్యాంకు డొమైన్‌ను క్లయింట్ జాబితాలో ఓకే అని, అంటే ఆపకుండా రానివ్వమని రాశారు. అయినా లాగ్‌లో 450, గ్రేలిస్టెడ్ అనే వరుసలే కనిపిస్తున్నాయి. గ్రేలిస్టింగ్‌ను పూర్తిగా తీసేయాలా, లేక పోస్ట్‌ఫిక్స్‌లోనే దోషం ఉందా అన్నది మీ సందేహం. చివర్లో ఇరవై ఎంబీ ఫైళ్ళు ఎందుకు ఆగిపోతున్నాయని కూడా అడిగారు.

పోస్ట్‌ఫిక్స్‌లో దోషం లేదు. మీరు రాసిన ఓకే చెల్లేది ఆ ఒక్క జాబితాలోనే, చిక్కు అక్కడే ఉంది.

నేను గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో పదకొండేళ్ళు సర్వర్లు చూశాను కాబట్టి యార్డు భాషలోనే చెబుతాను. టిక్కీలు (మిర్చి బస్తాలు) వేసుకొచ్చిన లారీని గేటు దగ్గర కాపలాదారు చూసి పొమ్మన్నాడనుకోండి. లోపల కాటా దగ్గర కూర్చున్నవాడికి ఆ మాటతో పనిలేదు. అతని చిట్టా అతనిది, అతను ఆపాలనుకుంటే ఆపుతాడు. అదే గేటు దగ్గరే వెనక్కి పంపేస్తే మాత్రం లారీ కాటా దాకా వచ్చే ప్రసక్తే లేదు. పోస్ట్‌ఫిక్స్‌లోనూ ఇంతే. క్లయింట్ (మాట్లాడటానికి వచ్చిన యంత్రం), హెలో (అది చెప్పుకునే పేరు), సెండర్ (పంపినవారు), రిలే (మెయిలును బయటికి చేరవేయడం), రెసిపియంట్ (గ్రహీత) అని వేర్వేరు నియమాల జాబితాలు ఉంటాయి. ఒక్కో జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. ఎక్కడ ఓకే తగిలితే అక్కడ ఆ జాబితాను వదిలి తరువాతి జాబితాకు వెళుతుంది. ఎక్కడ రిజెక్ట్ తగిలితే అక్కడ కథ మొత్తం ముగుస్తుంది. మీ ఓకే క్లయింట్ జాబితాలో ఉంది. పోస్ట్‌గ్రేను అడిగే వరుస, అంటే చెక్ పాలసీ సర్వీస్ అని 10023 పోర్టును చూపించేది, రెసిపియంట్ జాబితాలో ఉంది. గేటు దాటిన లారీ కాటా దగ్గర ఆగింది.

దీన్ని కనిపెట్టడం కష్టం కావడానికి ఇంకో కారణం ఉంది. పోస్ట్‌ఫిక్స్ మామూలుగా ఈ జాబితాలన్నింటినీ అవతలివాడు గ్రహీత చిరునామా చెప్పేదాకా వాయిదా వేసి, అప్పుడు వరసగా చూస్తుంది. అందువల్ల ఏ జాబితాలో తిరస్కరించినా లాగ్‌లో ఆర్‌సీపీటీ దశలోనే, అంటే గ్రహీత చిరునామా చెప్పే చోటే ఆగినట్టు ఉంటుంది. ఆ వరుస చూసి నేను కూడా ఒక రోజంతా గ్రహీతల పట్టిక తిరగేశాను.

మీ విషయంలో రెండో తప్పు కూడా ఉందని నా అనుమానం. క్లయింట్ జాబితా చూసేది మన సర్వర్‌తో మాట్లాడుతున్న యంత్రం పేరును, ఐపీని. ఫ్రమ్ గడిలో ఏ డొమైన్ ఉందో దానికి అనవసరం. బ్యాంకులు చాలా వరకు ఇలాంటి మెయిళ్ళను సొంత సర్వర్ల నుంచి పంపవు, టోకున మెయిళ్ళు పంపే సేవలకు అప్పగిస్తాయి. అలాంటప్పుడు మీరు రాసిన బ్యాంకు డొమైన్ అక్కడ ఎన్నటికీ సరిపోలదు. ఇప్పుడే లాగ్ తెరిచి, గ్రేలిస్టెడ్ అన్న వరుసలో ఫ్రమ్ అన్న మాట పక్కన చదరపు బ్రాకెట్లలో ఉన్న ఐపీని చూడండి. ఒకే ఓటీపీ మెయిలు కోసం వచ్చిన మూడు నాలుగు ప్రయత్నాలను ఒకదాని కింద ఒకటి పెట్టి చూడండి. ఐపీ ప్రతిసారీ మారుతూ ఉంటే, అరగంట ఎందుకు పడుతోందో అర్థమైపోతుంది.

గ్రేలిస్టింగ్ చేసే పని మన ఊళ్ళలో ఒకప్పుడు తలుపుల మీద రాసిన "ఓ స్త్రీ రేపు రా" లాంటిదే. కొత్త ముఖం కనిపిస్తే ఇప్పుడు కాదు, కాసేపాగి రమ్మంటుంది. 450 అనే సంకేతానికి అర్థం అదే. తొందరలో ఉన్న స్పామ్ యంత్రం మళ్ళీ రాదు, పద్ధతి తెలిసిన సర్వర్ మళ్ళీ వస్తుంది. పోస్ట్‌గ్రే గుర్తు పెట్టుకునేది మూడింటిని కలిపి: పంపిన ఐపీ, పంపినవారి చిరునామా, గ్రహీత చిరునామా. ఐపీలో చివరి భాగం మారినా క్షమిస్తుంది, మొదటి మూడు భాగాలు మాత్రం కలవాలి. పెద్ద సేవలకు వందల ఐపీలు ఉంటాయి. మొదటిసారి ఒక వరస నుంచి వచ్చి, రెండోసారి పూర్తిగా వేరే వరస నుంచి వస్తే, పోస్ట్‌గ్రేకు అది మరో కొత్త ముఖం. మళ్ళీ రేపు రా అంటుంది. చీర మార్చుకుని వచ్చిన సొంత మేనత్తను కూడా గుమ్మం దగ్గరే నిలబెట్టినట్టు.

ఐపీ మారకపోయినా ఆలస్యం తప్పదు. పోస్ట్‌గ్రే ఆగమనే సమయం మామూలుగా 300 సెకన్లు. అవతల ఉన్నది కూడా పోస్ట్‌ఫిక్స్ అయితే, అది మళ్ళీ ప్రయత్నించడానికి కనీసం ఆగే సమయం కూడా 300 సెకన్లే. మొదటి మలి ప్రయత్నం కాస్త ముందే వచ్చి దెబ్బతింటే, తరువాతి విరామం దాదాపు రెట్టింపు అవుతుంది, అలా పెరుగుతూ 4000 సెకన్ల దాకా పోతుంది. పది నిమిషాల గడువున్న ఓటీపీ ఇందులో బతికి బట్టకట్టడం అదృష్టం.

ఇక సరిచేయడం. అన్నిటికన్నా సులువైన దారి, పోస్ట్‌ఫిక్స్‌ను ముట్టుకోకుండా పోస్ట్‌గ్రేకు సొంతంగా ఉన్న వైట్‌లిస్ట్ క్లయింట్స్ అనే ఫైలులో ఆ ఐపీ వరసలను రాయడం. ఉబుంటులో అది ఈటీసీ కింద పోస్ట్‌గ్రే డైరెక్టరీలో ఉంటుంది. అలాగే ఈటీసీలో డిఫాల్ట్ కింద ఉన్న పోస్ట్‌గ్రే ఫైలులో డిలే విలువను 60 చేయండి. తొందరపడే స్పామ్ యంత్రం అరవై సెకన్లకూ తిరిగి రాదు, అయిదు నిమిషాలకూ రాదు. కాబట్టి పోయేదేమీ లేదు.

పోస్ట్‌ఫిక్స్‌లోనే చేయాలనుకుంటే, మీ క్లయింట్ యాక్సెస్ వరుసను రెసిపియంట్ జాబితాలోకి మార్చండి. ఎక్కడ పెడతారన్నదే ముఖ్యం. రిజెక్ట్ అన్‌ఆథ్ డెస్టినేషన్ అనే వరుసకు (అనుమతి లేనివారు మన సర్వర్ ద్వారా బయటికి మెయిళ్ళు పంపకుండా ఆపేది అదే) కింద, పోస్ట్‌గ్రేను అడిగే వరుసకు పైన ఉండాలి. పోస్ట్‌గ్రే అన్నిటికన్నా చివర ఉంటే మంచిది. ఎలాగూ తిరస్కరించబోయే మెయిలుకు ముందు రేపు రా అని చెప్పడం దండగ.

ఆ రిజెక్ట్ అన్‌ఆథ్ డెస్టినేషన్ వరుసకు పైన ఏదైనా ఓకే పెట్టాలనిపిస్తే, చేయి వెనక్కి తీసుకోండి. ఇది నేను పడి నేర్చుకున్నది.

2012 మార్చి, సీజన్ మంచి ఊపు మీద ఉంది. మా సర్వర్ సెంటోస్ 6, అందులో పోస్ట్‌ఫిక్స్ 2.6. చెన్నై రేవులో ఉండే మా ప్రతినిధులు ఇద్దరు డేటా కార్డు మీద మెయిళ్ళు పంపేవారు. వారి ఐపీ రోజుకొకటి. మా సర్వర్ వారిని గుర్తించక, రిలే యాక్సెస్ డినైడ్ అని 554తో వెనక్కి కొట్టేది. యజమాని కేకలు, వారి ఫోన్లు. నాకు తట్టిన ఉపాయం ఏమిటంటే, సెండర్ యాక్సెస్ ఫైలులో మా సొంత డొమైన్ పేరు రాసి, పక్కన ఓకే అని పెట్టి, ఆ వరుసను రెసిపియంట్ జాబితాలో అన్నిటికన్నా పైన నిలబెట్టడం. మా డొమైన్ పేరుతో పంపేవారు మావారే కదా! వెంటనే పనిచేసింది. ఆ సాయంత్రం టీ కూడా తాగించారు.

నాలుగు రోజుల తరువాత సోమవారం పొద్దున, లెక్కల విభాగంలోని పెద్దాయన నా బల్ల దగ్గరకు వచ్చి, "ఏమయ్యా, నేను పంపని ఉత్తరాలకు నాకు తిరుగు టపా వస్తోంది ఎందుకు?" అన్నారు. పంపడానికి వేచి ఉన్న మెయిళ్ళను చూపే మెయిల్‌క్యూ అని కొట్టాను. తెర ఆగకుండా పైకి పరుగెత్తింది. మామూలుగా మా క్యూలో ఇరవై ముప్పై కన్నా ఎక్కువ ఉండవు. ఆ రోజు చివరి వరుసలో 18 వేల పైచిలుకు రిక్వెస్టులు. అన్నీ మా డొమైన్ పేరుతో, మేము పేరు కూడా వినని దేశాలకు.

ఇన్‌లాండ్ కవరు వెనక పంపినవారి చిరునామా గడిలో ఎవరి పేరైనా ఎవరైనా రాయవచ్చు. మెయిల్‌లోనూ అంతే. పంపినవారి చిరునామా అనేది అవతలివాడు చెప్పిన మాట, సాక్ష్యం కాదు. ఆ మాటను నమ్మి నేను ఊరందరికీ తలుపు తీశాను. కంగారులో ఇంకో తప్పు చేశాను. పోస్ట్‌సూపర్‌కు మైనస్ డీ, ఆల్ అని ఇచ్చి క్యూ మొత్తం తుడిచేశాను. కొలంబోలోని కొనుగోలుదారుకు వెళ్ళాల్సిన బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ సరుకు రసీదు) ప్రతి కూడా అందులో కొట్టుకుపోయింది. మీకు ఎప్పుడైనా ఇలాంటి రోజు వస్తే, మైనస్ డీ కాదు, మైనస్ హెచ్ వాడండి. అది అన్నిటినీ హోల్డ్‌లో పెడుతుంది. అప్పుడు పోస్ట్‌క్యాట్‌తో ఒకటి రెండు తెరిచి చూసి, చెత్తను మాత్రమే ఏరి పారేయవచ్చు. మా ఐపీ నిషేధ జాబితాల నుంచి బయటపడేదాకా యజమాని తన ఉచిత మెయిల్ ఖాతాతోనే వ్యాపారం నడిపారు. ఆ సంగతి నాకు ఆ తరువాత చాలాకాలం గుర్తుచేశారు.

చెన్నైలో ఉన్నవారికి అసలు పరిష్కారం సొంత వాడుకరులు లాగిన్ అయి మెయిళ్ళు పంపే 587 పోర్టు, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్. అరపూట పని. మొదటే చేసి ఉండాల్సింది.

మీది కొత్త సర్వర్ కాబట్టి ఒక రక్ష ఉంది. 2013లో వచ్చిన పోస్ట్‌ఫిక్స్ 2.10 నుంచి రిలే జాబితాను విడదీశారు. రెసిపియంట్ జాబితాలో పొరపాటున ఓకే పెట్టినా రిలే జాబితా అడ్డుపడుతుంది. అయితే ఎక్కడో చూసి కాపీ చేసిన ఆకృతీకరణలో దాన్ని ఖాళీగా వదిలినవారిని చూశాను. మీరు రాసిన సెట్టింగులను చూపే పోస్ట్‌కాన్ఫ్ మైనస్ ఎన్ కొట్టి, రిలే రెస్ట్రిక్షన్స్ వరుస ఉందో లేదో, ఉంటే సమానం గుర్తు తరువాత ఏమైనా ఉందో లేదో చూడండి. ఆ తరువాత బయటి నెట్‌వర్క్‌లో ఉన్న ఒక యంత్రం నుంచి మీ సర్వర్ 25వ పోర్టుకు టెల్‌నెట్ చేసి, పంపినవారిగా మీ సొంత డొమైన్ చిరునామా, గ్రహీతగా బయటి చిరునామా ఇవ్వండి. 554 గానీ 454 గానీ రావాలి. 250, అంటే సరే అన్న జవాబు వస్తే ముందు ఓటీపీల సంగతి పక్కన పెట్టి దీన్ని మూయండి. ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌లో చాలా చోట్ల 25వ పోర్టు బయటికి పోనివ్వరు, కాబట్టి అద్దె సర్వర్ ఏదైనా ఉంటే అక్కడి నుంచి ప్రయత్నించండి.

గ్రేలిస్టింగ్ ఉంచాలా తీసేయాలా అన్న ప్రశ్నకు నా అభిప్రాయం సూటిగా చెబుతాను: తీసేయండి. నేను 2018లో తీసేశాను. మెయిల్ అంటే ఉత్తరంగా ఉన్న రోజుల్లో అయిదు నిమిషాల ఆలస్యం ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడు మెయిల్ తాళంచెవి అయింది. దాని బదులు పోస్ట్‌ఫిక్స్‌లోనే ఉన్న పోస్ట్‌స్క్రీన్ అనే కాపలాదారును పెట్టుకోండి. అది పలకరింపు పూర్తి చేసే ముందు ఆరు సెకన్లు ఆగుతుంది. ఆ లోపే నోరు తెరిచినవాడు స్పామ్ యంత్రమని పట్టుకుంటుంది. అందులోనే ఉన్న లోతైన పరీక్షలను మాత్రం ఆన్ చేయకండి, అవి పాసైనవాణ్ణి కూడా మళ్ళీ రమ్మంటాయి, అంటే గ్రేలిస్టింగ్‌నే దొడ్డిదారిన తెచ్చుకున్నట్టు.

పోస్ట్‌స్క్రీన్‌తో పాటు స్పామ్ పంపే ఐపీలను చూపే స్పామ్‌హాస్ జాబితా వాడితే, సర్వర్ డీఎన్ఎస్‌గా (పేర్లకు ఐపీలు వెతికిపెట్టేది) గూగుల్ వారి 8.8.8.8 లాంటి ఉమ్మడి సేవ ఉండకూడదు. అలా అడిగితే వారు 127.255.255.254 అని జవాబిస్తారు. దాని అర్థం మీ ప్రశ్న ఈ దారిలో రాకూడదని. ఏ జవాబు వచ్చినా దొంగే అని మీ సర్వర్ అనుకుంటే, వచ్చే ప్రతి మెయిలునూ తరిమేస్తుంది. అదే యంత్రంలో అన్‌బౌండ్ అనే సొంత డీఎన్ఎస్ పెట్టుకుంటే గొడవ ఉండదు.

ఇరవై ఎంబీ ఫైలు సంగతి చిన్నదే. మెయిల్‌లో ఫైళ్ళు బేస్64 రూపంలో వెళతాయి, మూడో వంతుకు పైగా ఉబ్బుతాయి. ఇరవై ఎంబీ ఫైలు దాదాపు ఇరవై ఏడు అవుతుంది. మీరు పరిమితిని సరిగ్గా ఇరవైకి పెట్టారు కాబట్టి ఆగిపోతోంది. మెసేజ్ సైజ్ లిమిట్‌ను ముప్పైకి పెంచండి, విలువ బైట్లలో రాయాలి. యాభై ఎంబీ దాటించే ఉద్దేశం ఉంటే మాత్రం మెయిల్‌బాక్స్ సైజ్ లిమిట్‌ను కూడా పెంచాలి. అది మామూలుగా 51200000 బైట్లు. మెసేజ్ పరిమితి కన్నా అది తక్కువైతే స్థానిక బట్వాడా ఆగిపోతుంది.

కొత్త నియమం ఏదైనా పెట్టేటప్పుడు ముందు వార్న్ ఇఫ్ రిజెక్ట్ అన్న మాట తగిలించి రెండు రోజులు వదిలేయండి. తిరస్కరించకుండా లాగ్‌లో మాత్రం రాస్తుంది. యాక్సెస్ ఫైలు లాంటి హ్యాష్ ఫైలు మార్చిన ప్రతిసారీ, దాన్ని పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే పోస్ట్‌మ్యాప్ నడపాలి. ముందుగా లాగ్‌లో ఆ ఐపీలు చూడండి. అవి మారుతున్నాయో లేదో ఇక్కడ రాస్తే, వైట్‌లిస్ట్‌లో ఏ వరసలు వేయాలో కలిసి చూద్దాం. పోస్ట్‌కాన్ఫ్ మైనస్ ఎన్ ఇచ్చినదంతా కూడా జతచేయండి, డొమైన్ పేరు మాత్రం మార్చేసి.