మెల్‌బోర్న్‌లో మాస్టర్స్: ఫీజు కట్టేముందు కోర్సు వారాలు చూడండి

ప్రశ్న: మా అబ్బాయి సివిల్ బీటెక్ చివరి ఏడాదిలో ఉన్నాడు. మెల్‌బోర్న్‌లో ఏడాదిన్నర డేటా అనలిటిక్స్ మాస్టర్స్‌కి సీటు ఇప్పిస్తామని కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. చేర్చమంటారా? పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వస్తుందా? - ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఇప్పుడే డబ్బు కట్టకండి. ముందు ఆఫర్ లెటర్‌లో కోర్సు ఎన్ని వారాలో చూడండి. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే 485 వీసాకు కనీసం 92 వారాల చదువు కావాలి. ఏడాదిన్నర కోర్సు మామూలుగా 78 వారాలే. అంటే ఫీజంతా కట్టి పాసైనా ఆ వీసాకు అర్హత ఉండదు. రెండేళ్ల కోర్సులోనూ ఒక మెలిక ఉంది. బీటెక్ సబ్జెక్టులకు క్రెడిట్ ఇచ్చి ఒక సెమిస్టర్ తగ్గిస్తామంటే ఫీజు మిగులుతుందని చాలామంది ఒప్పేసుకుంటారు. తీరా లెక్క 92 కిందికి పడిపోతుంది. రెండేళ్లూ పూర్తిగా చదివితే, వాణిజ్య ఒప్పందం వల్ల మన దేశం వాళ్లకు మాస్టర్స్ మీద మూడేళ్ల దాకా 485 దొరుకుతుంది.

ఇక సివిల్ వదలడం గురించి. ఆ నగరంలో కార్ల తయారీ ఆగిపోయింది: ఫోర్డ్ 2016లో, టయోటా 2017లో మూతపడ్డాయి. ఇప్పుడు అక్కడ ఉద్యోగాలు ఆసుపత్రులు, యూనివర్సిటీలు, బ్యాంకులు, ఓడరేవు, నిర్మాణ రంగం చుట్టూ ఉన్నాయి. సబర్బన్ రైల్ లూప్ అనే భారీ రైలు మార్గం పనులు నడుస్తున్నాయి. ఇలాంటి చోటికి వెళ్తూ సివిల్ చదివిన కుర్రాడు అనలిటిక్స్‌కు మారడం నాకు నచ్చలేదు. పైగా అనలిటిక్స్ కోర్సులో ఐటీ సబ్జెక్టులు చాలకపోతే స్కిల్స్ అసెస్‌మెంట్ (పీఆర్‌కు ముందు మన అర్హతలను అక్కడి సంస్థ పరిశీలించడం) దగ్గరే ఆగిపోవచ్చు. సివిల్‌కు ఆ అసెస్‌మెంట్ చేసేది ఇంజినీర్స్ ఆస్ట్రేలియా. వాళ్ల గుర్తింపు ఉన్న మాస్టర్స్ అయితే దారి సులువు. కోర్సు పేరు ఆ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి, ఏజెంటు మాట మీద వదిలేయకండి.

పీఆర్ ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరు. వయసు, చదువు, ఇంగ్లిష్ లాంటివాటికి పాయింట్లు ఇస్తారు. 65 ఉంటే దరఖాస్తుకు అర్హతే తప్ప పిలుపు ఖాయం కాదు; ఎక్కువ పాయింట్లున్నవాళ్లను ముందు పిలుస్తారు. పాతికేళ్లు నిండితే వయసుకు 30, మాస్టర్స్‌కు 15, అక్కడ చదివినందుకు 5. ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 8 వస్తే 20, 7 అయితే 10. ఇంగ్లిష్ దగ్గరే అసలు తేడా వస్తుంది కాబట్టి తయారీ ఇప్పుడే మొదలుపెట్టించండి. అనువాదకులకు గుర్తింపునిచ్చే నాటీ సంస్థ పెట్టే సీసీఎల్ అనే భాషా పరీక్ష తెలుగులో కూడా ఉంది, పాసైతే ఇంకో 5. మెల్‌బోర్న్ రీజినల్ ప్రాంతం (పెద్ద నగరాలకు బయట అని ప్రభుత్వం గుర్తించిన చోటు) కాదు కానీ, పక్కనున్న జీలాంగ్ అవుతుంది. డీకిన్ యూనివర్సిటీ ఇంజినీరింగ్ క్యాంపస్ అక్కడే ఉంది. అక్కడే ఉంటూ రెండేళ్లు చదివితే మరో 5. అద్దెలు కూడా కలిసొస్తాయి కాబట్టి అది కూడా ఆలోచించండి.

డబ్బు సంగతి: 2024 మే నుంచి ఏడాది జీవన ఖర్చుకు 29,710 ఆస్ట్రేలియన్ డాలర్లు చూపించాలి, మొదటి ఏడాది ఫీజు, ప్రయాణ ఖర్చు అదనం. స్టూడెంట్ వీసా రుసుము 2025 జూలై నుంచి 2,000 డాలర్లు. వీసా రాకపోయినా అది వెనక్కి రాదు. నాలుగు రోజుల ముందు ఎవరో వేసిన పెద్ద మొత్తం ఖాతాలో కనిపిస్తే అనుమానం వస్తుంది. బ్యాంకు విద్యా రుణమే మేలు. క్లాసులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయనిస్తారు. దాంతో తిండి, అద్దె కొంత గడుస్తాయి, ఫీజు మాత్రం రాదు. గంటలు దాటితే వీసా రద్దయ్యే ప్రమాదం ఉంది.

“ముందు పెద్ద యూనివర్సిటీలో చేరి తర్వాత చవక కాలేజీకి మారొచ్చు” అని కన్సల్టెన్సీ వాళ్లు అంటే అక్కడితో ఆ మాట ఆపేయండి. మాస్టర్స్ నుంచి డిప్లొమాకు దిగడం ఇప్పుడున్న వీసా షరతును ఉల్లంఘించడమే, దానికి కొత్త వీసా కావాలి.