సున్నాతో భాగించకుండానే వేగం ఎలా వస్తుంది?

కలన గణితం (కాలిక్యులస్)పై మొదటి సంవత్సరం విద్యార్థుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజనీరింగ్, డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన విద్యార్థులవే. సూత్రాలు కంఠతా వచ్చినా వాటి వెనక ఏముందో తెలియడం లేదన్న బాధ దాదాపు అన్నింటిలోనూ కనిపించింది. అది న్యాయమైన బాధ. అందుకే ఈసారి తక్కువ ప్రశ్నలు తీసుకుని, వాటికి కావలసినంత చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: ఇంటర్ గణితం 1బి పేపర్‌లో నాకు 75కు 74 మార్కులు వచ్చాయి. అవకలనం లెక్కలు వేగంగా చేయగలను. ఇప్పుడు బీటెక్ తరగతిలో మొదటి నుంచి అవకలజం (డెరివేటివ్) నిర్వచనం చెబుతుంటే ఒక సందేహం పట్టుకుంది. ముందు హెచ్ అనే చిన్న మార్పుతో భాగిస్తాము, అంటే హెచ్ సున్నా కాదని ఒప్పుకున్నట్టే. చివర్లో అదే హెచ్ స్థానంలో సున్నా వేస్తాము. ఒకే లెక్కలో అది సున్నా కాకుండానూ, సున్నాగానూ ఎలా ఉంటుంది? – ఒక విద్యార్థి, కాకినాడ

జవాబు: ఈ అభ్యంతరాన్ని 1734లోనే బిషప్ జార్జ్ బర్క్‌లీ లేవనెత్తారు. కలన గణితానికి రూపమిచ్చిన న్యూటన్, లైబ్నిట్జ్‌ల పద్ధతులు సరైన జవాబులు ఇస్తున్నాయని ఆయనకు తెలుసు. ఆ జవాబులకు చేరే దారిలో తర్కం నిలవడం లేదన్నదే ఆయన వాదన. ఆయన పట్టుకున్న లోపం నిజమైనదే. దాన్ని సరిదిద్దే పని 1821లో గణితవేత్త కోషీ ప్రచురించిన పాఠ్యగ్రంథంతో బలం పుంజుకుని, ఆ తర్వాత మరో గణితవేత్త వయర్‌స్ట్రాస్ చేతిలో ఇప్పుడు మీరు చదువుతున్న రూపానికి వచ్చింది. కాబట్టి మీకు సందేహం కలగడం మీ చదువులో లోపం కాదు.

ఇక విషయానికి వద్దాము. లోతైన బావిలోకి ఒక రాయిని వదిలారనుకోండి. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, టీ సెకన్లలో అది పడే దూరం 4.9ను టీ వర్గంతో గుణిస్తే వచ్చినన్ని మీటర్లు. సరిగ్గా 2 సెకన్ల దగ్గర రాయి వేగం ఎంత? 2 సెకన్లకు అది 19.6 మీటర్లు పడుతుంది, 2.1 సెకన్లకు 21.609 మీటర్లు. మధ్యలోని 0.1 సెకనులో 2.009 మీటర్లు కదిలింది కనుక సగటు వేగం సెకనుకు 20.09 మీటర్లు. వ్యవధిని 0.01 సెకనుకు తగ్గిస్తే సగటు 19.649, 0.001 సెకనుకు తగ్గిస్తే 19.6049. ఈ సంఖ్యలను కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకుని కాసేపు చూడండి. ప్రతిసారీ 19.6కు పైన కొంత మిగులుతోంది. ఆ మిగులు సరిగ్గా మనం తీసుకున్న వ్యవధికి, అంటే హెచ్‌కు, 4.9 రెట్లు.

మనం వ్యవధిని ఎక్కడా సున్నా చేయలేదు. చేస్తే కదిలిన దూరమూ సున్నాయే, పట్టిన కాలమూ సున్నాయే, చెప్పడానికి ఏమీ మిగలదు. మనం చేసింది వేరు. సున్నా కాని ప్రతి హెచ్‌కూ సగటు వేగం 19.6 కూడిక 4.9 హెచ్ అని తేల్చుకుని, హెచ్ చిన్నదయ్యే కొద్దీ ఈ విలువలు ఏ ఒక్క సంఖ్యను మనం కోరినంత దగ్గరగా సమీపిస్తున్నాయో చూశాము. ఆ సంఖ్య 19.6. దానినే అవధి అంటాము, 2 సెకన్ల దగ్గర వేగం అంటే ఆ అవధేనని నిర్వచించుకుంటాము. తరగతిలో చివరి వరుసలో ‘హెచ్ బదులు సున్నా వేస్తే’ అనడం, 19.6 కూడిక 4.9 హెచ్ అనే ప్రమేయం (ఫంక్షన్) సున్నా దగ్గర అవిచ్ఛిన్నం, అంటే తెగకుండా సాగేది, కనుక దాని అవధి, అక్కడి దాని విలువ ఒకటే అవుతాయన్న మాటకు క్లుప్త రూపం. ఆ మాటను ఒక్కసారైనా బోర్డు మీద పూర్తిగా రాయకుండా దాటేయడం సరికాదని, నా తోటి అధ్యాపకులకు కూడా ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

ప్రశ్న: అవధికి ఎప్సిలాన్, డెల్టా నిర్వచనం పది సార్లు రాసినా మనసుకు ఎక్కడం లేదు. ముందు ఎప్సిలాన్ ఎందుకు తీసుకోవాలి? ఎక్స్ మారితేనే కదా ప్రమేయం విలువ మారేది? అలాంటప్పుడు డెల్టాతో మొదలుపెట్టడం సహజం కాదా? – బీఎస్సీ మొదటి సంవత్సరం విద్యార్థిని, నల్లగొండ

జవాబు: కారణం ఎక్స్ వైపు, ఫలితం ప్రమేయం వైపు ఉన్నమాట నిజమే. అయితే షరతు పెట్టేది ఫలితం వైపు నుంచి. ఒక పనివాడికి 100 చదరపు సెంటీమీటర్ల చతురస్రాకారపు పలక కోసి ఇమ్మని మీరు పని అప్పగించారనుకోండి. అతడు భుజం 10 సెంటీమీటర్లు ఉండేలా కోస్తాడు, కానీ ఏ చేయీ సరిగ్గా 10 దగ్గర ఆగదు. అందుకని వైశాల్యంలో తేడా 1 చదరపు సెంటీమీటరు కంటే తక్కువ ఉండాలని మీరు ముందే చెబుతారు. ఆ 1 మీ ఎప్సిలాన్. అది విన్న తర్వాత, భుజంలో ఎంత తేడా వరకు వచ్చినా ఫరవాలేదో అతడు లెక్క వేసుకుంటాడు. అది అతడి డెల్టా. మీ మాట వినకుండా తన డెల్టాను అతడు ఎలా ఎంచుకోగలడు?

లెక్క కూడా చేద్దాము. 0.05 సరిపోతుందని చాలామంది చెప్పేస్తారు, ఎందుకంటే 10 దగ్గర ఎక్స్ స్క్వేర్ అవకలజం 20, ఒకటిని 20తో భాగిస్తే 0.05. కానీ 10.05 వర్గం 101.0025. అంటే భుజం 10.05కు బాగా దగ్గరగా వచ్చినప్పుడే వైశాల్యం 101ను దాటిపోతుంది. 0.04 తీసుకుంటే ఒక చివర 10.04 వర్గం 100.8016, మరో చివర 9.96 వర్గం 99.2016, రెండూ హద్దులోనే ఉన్నాయి. కాబట్టి 0.04 పనికొస్తుంది, 0.03 పనికొస్తుంది, 0.001 కూడా పనికొస్తుంది. అన్నింటికంటే పెద్ద డెల్టాను వెతకమని నిర్వచనం ఎక్కడా అడగలేదు. ఈ సంగతి తెలియక అసమీకరణాలతో గంటలకొద్దీ కుస్తీ పట్టే విద్యార్థులను ఏటా చూస్తున్నాను.

ఒక్క ఎప్సిలాన్‌కు డెల్టా దొరికినంత మాత్రాన పని అయిపోదు. రేపు మీరు తేడా 0.01 దాటకూడదనవచ్చు, ఎల్లుండి 0.0001 అనవచ్చు. మీరు ఎంత చిన్న ధన సంఖ్య చెప్పినా అతడి దగ్గర దానికి తగిన డెల్టా ఉండాలి. ‘ప్రతి’ ఎప్సిలాన్‌కూ ‘ఒక’ డెల్టా ఉంటుందనే నిర్వచన వాక్యంలో బరువంతా ఈ రెండు మాటల మీదే ఉంది.

ప్రశ్న: పదో తరగతి నుంచి కోణాలు డిగ్రీల్లోనే నేర్చుకున్నాము. కలన గణితంలో మాత్రం రేడియన్లే వాడాలని పట్టుబడతారెందుకు?

జవాబు: కాలిక్యులేటర్‌ను రేడియన్లలో పెట్టి 0.01కి సైన్ చూడండి; 0.0099998 వస్తుంది. కోణంతో భాగిస్తే దాదాపు 1. ఇప్పుడు డిగ్రీలకు మార్చి అదే 0.01కి చూస్తే 0.00017453 వస్తుంది, భాగిస్తే 0.017453. ఈ రెండో సంఖ్య π (పై) విలువను 180తో భాగిస్తే వచ్చేదే. సైన్ అవకలజం కాస్ అన్న చక్కని సూత్రం, కోణం సున్నాను సమీపిస్తున్నప్పుడు సైన్‌కూ కోణానికీ ఉన్న నిష్పత్తి 1కి చేరుతుందన్న దాని మీద నిలబడింది. వ్యాసార్ధం 1 ఉన్న వృత్తంలో రేడియన్ కొలత అంటే చాపం పొడవే కనుక అక్కడ ఆ నిష్పత్తి 1 అవుతుంది. డిగ్రీలు వాడడం తప్పేమీ కాదు, కాకపోతే అవకలనం చేసిన ప్రతిసారీ ఆ 0.017453ను మోసుకుంటూ తిరగాలి.

ప్రశ్న: ఒకటి బై ఎక్స్ స్క్వేర్‌ను మైనస్ 1 నుంచి 1 వరకు సమాకలనం చేశాను. ప్రతి అవకలజం (యాంటీ డెరివేటివ్) మైనస్ ఒకటి బై ఎక్స్. హద్దులు ప్రతిక్షేపిస్తే జవాబు మైనస్ 2 వచ్చింది. మళ్లీ మళ్లీ చేసినా అదే వస్తోంది, సార్ మాత్రం తప్పన్నారు. ఎక్కడ తప్పాను? – వరంగల్ నుంచి

జవాబు: గుణకారంలోనో కూడికలోనో తప్పు లేదు, అందుకే ఎన్నిసార్లు చేసినా అది దొరకదు. ముందు జవాబును అనుమానించండి. ఒకటి బై ఎక్స్ స్క్వేర్ ఎప్పుడూ ధనాత్మకమే. దాని వక్రం అంతా ఎక్స్ అక్షానికి పైనే ఉంటుంది. అలాంటి వక్రం కింది వైశాల్యం రుణాత్మకం ఎలా అవుతుంది? కలన గణిత మూల సిద్ధాంతాన్ని మీరు వాడిన రూపంలో వాడాలంటే ప్రమేయం ఆ అంతరం మొత్తం మీద అవిచ్ఛిన్నంగా ఉండాలి. మీ అంతరం సరిగ్గా మధ్యలో, సున్నా దగ్గర, ఈ ప్రమేయానికి విలువే లేదు. ఇరువైపులా అది హద్దు లేకుండా పెరిగిపోతుంది. 0.1 నుంచి 1 వరకు వైశాల్యం 9, 0.01 నుంచి మొదలుపెడితే 99, 0.001 నుంచి అయితే 999. సున్నాకు జరిగే కొద్దీ ఇది ఏ సంఖ్య దగ్గరా ఆగదు కాబట్టి ఈ సమాకలనికి పరిమిత విలువ లేదు.

పరీక్షకు తయారయ్యే తొందరలో సిద్ధాంతంలో ‘అయితే’ ముందున్న షరతును వదిలేసి, తర్వాత వచ్చే సూత్రాన్ని మాత్రమే గుర్తు పెట్టుకోవడం మనకు అలవాటైపోయింది. మీ లెక్కలో దెబ్బ తగిలింది అక్కడే. నిశ్చిత సమాకలని కనిపించగానే, ప్రతి అవకలజం కోసం వెతికే ముందు, హారం ఆ అంతరంలో ఎక్కడైనా సున్నా అవుతోందా అని చూసుకోవాలి. దీనికి అర నిమిషం కూడా పట్టదు.

ప్రశ్న: నేను తెలుగు మాధ్యమంలో చదువుకున్నాను. అవధి అంటే హద్దు కదా. అంటే ప్రమేయం తన అవధికి దగ్గరగా వెళుతుందే తప్ప దాన్ని ఎప్పటికీ తాకదు, దాటదు అని రాసుకున్నాను. ఇంగ్లిష్ పుస్తకంలో లిమిట్ అన్నా అదే అర్థం అనుకున్నాను. సరైనదేనా? – డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: అవధి, లిమిట్ ఒకటే. అవకలజం డెరివేటివ్, సమాకలని ఇంటిగ్రల్, ప్రమేయం ఫంక్షన్, అవిచ్ఛిన్నత కంటిన్యుటీ. ఒక నోటు పుస్తకంలో చివరి రెండు పేజీలు ఈ జంటలకు కేటాయించుకుంటే నెల తిరిగేసరికి మాట అడ్డు రాదు. తెలుగులో నేర్చుకున్న గణితాన్ని వదులుకోవలసిన పని ఏమీ లేదు.

అయితే ‘తాకదు, దాటదు’ అని రాసుకున్న దాన్ని కొట్టేయండి. మామూలు వాడుకలో హద్దు అనే అర్థం ఈ పొరపాటుకు దారి తీస్తోంది, ఇంగ్లిష్ మాటతోనూ అదే చిక్కు ఉంది. సైన్ ఎక్స్ బై ఎక్స్ అనే ప్రమేయాన్ని తీసుకుని, ఎక్స్‌ను అనంతం వైపు పెంచుతూ పోండి. లవం ఎప్పుడూ మైనస్ 1కీ 1కీ మధ్యే ఊగుతుంది, హారం మాత్రం పెరుగుతూ పోతుంది కనుక అవధి సున్నా. కానీ ఎక్స్ విలువ π (పై)కి పూర్ణాంక గుణిజం అయిన ప్రతి చోటా ఈ ప్రమేయం సరిగ్గా సున్నాయే అవుతుంది, ఆ వెంటనే అవతలి వైపుకు దాటుతుంది, మళ్లీ తిరిగి వస్తుంది. తన అవధిని అది అనంతమైనన్ని సార్లు తాకి, అనంతమైనన్ని సార్లు దాటుతుంది. పై పలక లెక్కలో అడిగిన షరతును మళ్లీ చదవండి: తేడా ఎప్సిలాన్ కంటే తక్కువ ఉండాలని మాత్రమే అక్కడ ఉంది. తేడా సున్నా కాకూడదని ఎవరూ అనలేదు.