ఎలక్ట్రిక్ కార్లొస్తే సీరియం మీద చేసిన చదువు వృథానా?

ప్రశ్న: ఎమ్మెస్సీ కెమిస్ట్రీ రెండో ఏడాదిలో ఉన్నాను. సీరియం, జిర్కోనియం అనే లోహాల మిశ్రమ ఆక్సైడ్ల రెడాక్స్ గుణాల మీద, అంటే అవి ఆక్సిజన్‌ను ఇచ్చిపుచ్చుకునే తీరు మీద ప్రాజెక్టు ఇచ్చారు. ఇవి కార్ల పొగ గొట్టాలకే పనికొస్తాయని, ఎలక్ట్రిక్ బండ్లతో ఆ పనీ పోతుందని, ఫార్మాలో చేరమని స్నేహితులంటున్నారు. నాకేమో పీహెచ్‌డీ చేయాలనుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ స్నేహితుల భయం అర్థం లేనిదేం కాదు. పెట్రోలు బండి పొగను శుభ్రంచేసే కన్వర్టర్‌లో ఈ ఆక్సైడ్ ఆక్సిజన్‌కు గిడ్డంగి లాంటిది. పొగలో ఆక్సిజన్ చాలనప్పుడు తన జాలకంలోంచి (అణువుల అల్లికలోంచి) ఇస్తుంది, ఎక్కువైనప్పుడు తిరిగి తీసుకుంటుంది. ఎలక్ట్రిక్ బండికి ఆ గొట్టమే ఉండదు.

అయితే ఈ ఇచ్చిపుచ్చుకోవడం కార్లతో పుట్టలేదు. ఆక్సైడ్ తన ఆక్సిజన్ ఇచ్చి, ఆ ఖాళీని గాలిలోని ఆక్సిజన్‌తో నింపుకుంటుందని మార్స్, వాన్ క్రెవెలెన్ అనే శాస్త్రవేత్తలు 1954లోనే చెప్పారు. అక్రిలిక్ దారానికి మూలమైన అక్రిలోనైట్రైల్‌ను బిస్మత్ మాలిబ్డేట్ అనే ఉత్ప్రేరకం మీద తయారుచేసే పద్ధతీ అదే సూత్రం. సూర్యుడి వేడితో నీటిలోంచి హైడ్రోజన్ తీసే పరిశోధనల్లో సీరియం ఆక్సైడే ముఖ్యమైన పదార్థం. కాబట్టి అంశం గురించి దిగులు వద్దు. దాన్ని ఎంత లోతుగా నేర్చుకుంటున్నారన్నదే నా దిగులు.

చాలామంది పది నమూనాలు చేసి, ఎక్స్‌ఆర్‌డీకి (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్షకు) పంపి, రిపోర్టు కట్టేస్తారు. మీరు అలా చేయొద్దు. టీపీఆర్ దగ్గర, అంటే వేడి పెంచుతూ క్షయకరణాన్ని (ఆక్సిజన్ కోల్పోవడాన్ని) కొలిచే పరికరం దగ్గర మీరే కూర్చోండి. హైడ్రోజన్ పంపుతూ వేడి పెంచితే, శుద్ధ సీరియం ఆక్సైడ్ ఉపరితలం దాదాపు 500 డిగ్రీల దగ్గర, లోపలి భాగం 800 డిగ్రీల దరిదాపుల్లో క్షయకరణం చెందుతాయి. జిర్కోనియం కలిపితే లోపలి ఆక్సిజన్ కూడా చాలా ముందే కదులుతుంది. జిర్కోనియం అయాన్ చిన్నది కావడంతో జాలకం వంకరపోవడమే దీనికి కారణమా, లేక మీ నమూనా రెండు ఫేజులుగా (వేర్వేరు స్ఫటిక పదార్థాలుగా) విడిపోయిందా? ఇంటర్వ్యూల్లో మిమ్మల్ని అడగదగ్గ ప్రశ్న ఇది. ఇంకోటి: ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్‌రేలతో ఉపరితలాన్ని చూసే పరీక్షలో) కనిపించే, క్షయకరణం చెందిన మూడో ఆక్సీకరణ స్థితి సీరియం అంతా మీ నమూనాలో ముందే ఉన్నది అనుకోకండి. ఆ పరికరంలోని శూన్యంలో, ఎక్స్‌రేల కింద కూడా కొంత క్షయకరణం జరుగుతుంది.

డబ్బు మాటకొస్తే, సీఎస్‌ఐఆర్–యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000, పైన ఇంటి అద్దె. సీఎస్‌ఐఆర్ ప్రయోగశాలలైన హైదరాబాద్ ఐఐసీటీ, పుణె ఎన్‌సీఎల్, డెహ్రాడూన్ ఐఐపీ, వీటితోపాటు మద్రాస్ ఐఐటీ ఈ పనికి మంచి చోట్లు. తర్వాత చమురు సంస్థల పరిశోధన కేంద్రాలున్నాయి, కానీ ఖాళీలు ఫార్మా కంటే బాగా తక్కువ. ఇంట్లో అప్పుంటే, మీ జీతం కోసం ఎదురుచూసేవాళ్లుంటే ఫార్మాలో చేరండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఐదేళ్లు ఆగగలిగితే మాత్రం పీహెచ్‌డీ వైపే వెళ్లమంటాను.

ఈలోపు ఒక్క పని చేయండి. టీపీఆర్ తీసిన నమూనానే మళ్లీ గాలిలో వేడిచేసి, రెండోసారి టీపీఆర్ తీయండి. గ్రాఫ్‌లో పీక్ (శిఖరం) పక్కకు జరిగితే ఎందుకు జరిగిందో, జరగకపోతే ఎందుకు జరగలేదో మీ మాటల్లో ఒక పేజీ రాసి, పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెంట తీసుకెళ్లండి.